కోలాటంలో కోపు చెప్పడం: జట్టును నడిపించే గురువుకి ఉండాల్సిన నేర్పు

శ్రీరామనవమి పందిళ్ల దగ్గర, దసరాకి ఇంద్రకీలాద్రి కింద, ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్లలో కోలాటం జట్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకే రంగు చీరలు, ఒకే కొలత కోలలు, చాలాసార్లు పాట కూడా ఒకటే. ఒక జట్టు కోలలు ముప్పై మందివైనా ఒక్కటిగా టక్కుమంటాయి. పక్క జట్టువి వడగళ్ల వానలా చెదిరి వినపడతాయి. ఎందుకని వెతుక్కుంటూ పోతే చాలాసార్లు కోపు, అంటే ఆటలో ఒక్కో దెబ్బల, అడుగుల వరస, చెప్పే మనిషి దగ్గరే తేలుతుంది.

కర్రలతో ఆడే ఆట ఈ నేలకి చాలా పాతది. గుంటూరుకి దగ్గర్లోని చేబ్రోలులో గుడి కట్టించిన జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథంలోనే దండరాసకం అనే కర్రల ఆట ప్రస్తావన ఉంది. అప్పుడైనా ఇప్పుడైనా ఆడేవాళ్లకి కళ్లు ఎదుటివారి కోల మీద ఉంటాయి, వలయం మొత్తం ఎక్కడుందో కనపడదు. దాన్ని చూసేది ఒక్కరే. తరవాత ఏం రావాలో సరైన క్షణానికి చెప్పాల్సిందీ ఆ ఒక్కరే. ఊళ్లలో గురువు, పంతులు అంటారు. కాలనీ జట్లలో మేడం, మాస్టారు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

ముందు లెక్క, తరవాత పాట

కోపు చెప్పాలంటే అది ఎక్కడ మొదలై, ఎన్ని చుట్లకి ఎక్కడ తేలుతుందో వేళ్ల మీద ఉండాలి. ఇది జట్టు ముందు నిలబడి ఆలోచించే విషయం కాదు. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో రెండు వలయాలు గీయండి. లోపలి వలయంలో 8 చింతగింజలు, బయటి వలయంలో 8 చిక్కుడు గింజలు పెట్టండి. ఎదురెదురుగా ఉన్న రెండు గింజలు ఒక ఉద్ది. ఇప్పుడు ఈ కోపు నడిపి చూడండి.

ఒకటికి తన కోలలు తాను కొట్టుకోవాలి. రెండుకి కుడి కోలతో ఎదుటివారి కుడి కోల. మూడుకి మళ్లీ తన కోలలు. నాలుగుకి ఎడమ కోలతో ఎడమ కోల. ఐదుకి తన కోలలు. ఆరుకి రెండు కోలలతో ఎదుటివారి రెండు కోలలు. ఏడు, ఎనిమిదికి రెండు అడుగుల్లో కుడి పక్కకి ఒక స్థానం.

బయటి వరుస మాత్రమే జరిగితే లెక్క తేలిక. 8 చుట్లు, అంటే 64 దెబ్బలకి అందరూ సొంత ఉద్ది దగ్గరికి వస్తారు. రెండు వరుసలూ ఎవరి కుడికి వాళ్లు జరిగితే వ్యవహారం మారుతుంది. లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి చూస్తున్నారు కాబట్టి రెండు వలయాలూ ఎదురు దిశల్లో తిరుగుతాయి. ఒక్కో చుట్టుకి మధ్యలో ఒకర్ని దాటేస్తారు. 4 చుట్లకే సొంత ఉద్ది ఎదురవుతుంది, కానీ ఇంకా వలయానికి అవతలి పక్కనే ఉంటారు. మొదలైన చోటికి రావాలంటే మరో 4 చుట్లు పడుతుంది. పైగా ఒక్కొక్కరు ఎదుటి వరుసలో నలుగుర్నే కలుస్తారు, మిగతా నలుగురితో కోల కలవదు. జట్లు తడబడే చోటు ఇదే. నాలుగో చుట్టుకి సొంత ఉద్ది కనపడగానే సగంమంది "అయిపోయింది" అనుకుని ఆగిపోతారు, మిగతా సగం జరుగుతూనే ఉంటారు. గురువు నేర్పేటప్పుడే "మధ్యలో ఒకసారి మీ ఉద్ది కలుస్తుంది, ఆగొద్దు, రెండోసారి కలిసినప్పుడే ఇల్లు" అని చెప్పి ఉంచితే ఆ గొడవ రాదు.

ఇద్దరు రాకపోయి 7 ఉద్దీలే మిగిలితే? ఇదే కోపులో సొంత ఉద్ది మధ్యలో ఎదురే పడదు. ఏడు చుట్లూ పూర్తయి ఇంటికి చేరాకే కలుస్తుంది. 6 ఉద్దీలైతే 3 చుట్లకి అవతలి పక్కన, 6 చుట్లకి ఇంట్లో. ఆడే రోజు పొద్దున జ్వరం అని ఫోన్ రావడం ఏ జట్టుకైనా తప్పదు. 6, 7, 8 ఉద్దీల లెక్క మూడూ ముందే గింజలతో చూసుకున్న గురువు కంగారు పడరు. ఒక్కరే తగ్గి బేసి వస్తే ఒకర్ని తాళాలకి మార్చండి, లేదా మీరే చోటు నింపి తాళం ఇంకొకరికివ్వండి. జత లేనివాళ్లు గాల్లో కోల కొడుతూ తిరిగితే చూసేవాళ్ల కళ్లు వాళ్ల మీదే ఉంటాయి, పాపం వాళ్లకీ ఇబ్బంది.

స్థలం కూడా ఈ లెక్కలో భాగమే. కోలలతో చేతులు ఆడాలంటే లోపలి వరుసలో మనిషికి మూడున్నర అడుగులు కావాలి. ఎనిమిది మందికి 28 అడుగుల చుట్టుకొలత, అంటే 9 అడుగుల అడ్డుకొలత. రెండు వరుసల మధ్య 3 అడుగులు వదిలితే బయటి వలయం 15 అడుగులు. వెనక ఊపుకి రెండున్నర అడుగుల చొప్పున కలిపితే 16 మందికి 20 అడుగుల చదరం. పందిరి గుంజలు, వైర్లు, హారతి బల్ల ఇందులోకి రాకూడదు. చోటు 18 అడుగులే ఉందంటే వలయాన్ని నొక్కకండి. కోల వేళ్ల మీద పడేది అలాంటప్పుడే. రెండు ఉద్దీలు తగ్గించండి, లేదా ఎదురెదురు వరుసల కోపులు ఎంచుకోండి.

మాట ఎప్పుడు పడాలి

మంచి గురువుని పట్టించేది ఇదే. ఎనిమిది దెబ్బల చుట్టులో కొత్త కోపు తరవాతి ఒకటికి మొదలవుతుందనుకుందాం. మాట ఐదుకి మొదలై ఆరుకి పూర్తి కావాలి. ఏడు, ఎనిమిది ఖాళీగా వదలాలి. ఆ రెండు దెబ్బల్లోనే విన్న మాట కాళ్లలోకి దిగుతుంది.

ఎనిమిదికి చెబితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. ఆ క్షణానికి ఆడే మనిషి బరువు కుడి పాదం మీద ఉంది, ఎడమ పాదం లేచింది. అప్పుడు "కుడికి" అని వినపడితే లేచిన కాలు ముందు నేల మీద పడాలి, బరువు దాని మీదికి మారాలి, అప్పుడు గాని కుడి కాలు కదలదు. ఒక దెబ్బ పోయినట్టే. ఆ ఒక్క దెబ్బ తేడాకి ఎదుటివారి కోల గాల్లో తిరిగి పోతుంది. ఆడేవాళ్లు "నేనే తప్పు చేశా" అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, మాటే ఆలస్యంగా పడింది.

మరీ ముందు చెప్పినా చిక్కే. ఒకటి, రెండుకే చెప్పేస్తే చురుకైనవాళ్లు అప్పుడే మారిపోతారు, నిదానస్తులు చుట్టు పూర్తి చేస్తారు. జట్టు రెండుగా చీలుతుంది. ద్రుతంలో మాత్రం మాటని ఒక దెబ్బ ముందుకి జరపాలి, నాలుగుకే మొదలుపెట్టాలి. వేగం పెరిగింది కదా, దెబ్బల మధ్య వ్యవధి తగ్గింది, మనిషికి ఆలోచించడానికి కావాల్సిన సమయం మాత్రం తగ్గలేదు.

గురువే పాడుతుంటే పాటలో చోటు చూసుకోవాలి. జట్టు పల్లవి తిరిగి అందుకునేటప్పుడు గురువు గొంతు ఖాళీగా ఉంటుంది, మాటకి అదే వేళ. చరణం మధ్యలో సాహిత్యాన్ని తెంపి కోపు చెబితే పాటా పోతుంది, మాటా అర్థం కాదు.

ఏ మాట వాడాలి

మేళం, మైకు, జనం గోల మధ్య మాట పూర్తిగా వినపడదు. దాని పొడుగు, చివరి అచ్చు మాత్రమే చెవికి చేరతాయి. అందుకే "కుడి", "ఎడమ" బాగా పనిచేస్తాయి. ఒకటి రెండక్షరాలు, ఇంకోటి మూడు. "తిరుగు", "జరుగు" మాత్రం ఒకే జట్టుకి ఎప్పుడూ వాడకండి. రెండూ మూడక్షరాలే, రెండూ "రుగు" తోనే ముగుస్తాయి. సగంమంది తిరుగుతారు, సగంమంది జరుగుతారు. "తిరుగు" ఉంచుకుని రెండోదానికి "పక్కకి" అనండి. "లోపలికి", "బయటికి" రెండూ నాలుగేసి అక్షరాలు, రెండూ "కి" తోనే ఆగుతాయి. "లోపల", "బైట" అంటే విడిగా వినిపిస్తాయి. "ఆపు", "ఊపు" కూడా ఇలాంటి జతే. ముగింపుకి "ముక్తాయి" అని ఒకే మాట పెట్టుకోండి, దాన్ని ఇంకెక్కడా వాడకండి.

ప్రతి కోపుకీ పేరుండాలి. నంబర్ల కన్నా పేర్లు గుర్తుంటాయి. "ఏడో కోపు" అంటే ఎవరికి వాళ్లు లెక్కపెట్టుకోవాలి, "గొలుసు" అంటే కాళ్లకే తెలుస్తుంది. జట్టు పెట్టుకున్న పేరే వాడండి. వాళ్లు "మల్లెదండ" అని పిలుచుకుంటుంటే మీ పుస్తకంలో ఇంకో పేరు రాసి ఉన్నా మల్లెదండే.

"కుడి" అంటే ఎవరి కుడి అన్న తగువు మొదటి రోజే తేల్చేయాలి. ఎవరి కుడికి వాళ్లే, మినహాయింపు లేదు. గురువు మధ్యలో నిలబడి బయటికి చూస్తే లోపలి వరుసకి అదే కుడి, బయటి వరుసకి అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. కాబట్టి చేసి చూపించేటప్పుడు నేర్పే వరుస ఎటు చూస్తోందో మీరూ అటే తిరిగి, వాళ్లకి వీపు పెట్టి చూపించండి.

చెవి, గొంతు, తాళం

మొదటి దెబ్బకి ముందే వేగం గురువు చేతిలో ఉండాలి. గడియారం చూస్తూ 10 సెకన్లకి 16 దెబ్బలు తాళం వేసి చూసుకోండి. అది నిమిషానికి 96. ఎనిమిది దెబ్బల చుట్టుకి 5 సెకన్లు, పూర్తి 64 దెబ్బలకి 40 సెకన్లు. నడివయసు వాళ్లున్న జట్టు పావుగంట హాయిగా ఆడగలిగిన వేగం ఇదే. చివరి కోపుకి 120 వరకు వెళ్లొచ్చు, అప్పుడు చుట్టుకి 4 సెకన్లే.

వేగం దానంతటదే పెరుగుతుంది. జనం చప్పట్లకి డోలకు వాయించేవారు ఊపందుకుంటారు, ఆడేవాళ్లు కోల ముందుగా కొడతారు, ఆ చప్పుడు విని డోలకు ఇంకా పరిగెత్తుతుంది. దీన్ని ఆపగలిగింది తాళమే. అరవకండి. తాళం దెబ్బ ఒకటికి, ఐదుకి గట్టిగా, మిగతావి తేలిగ్గా వేయండి. రెండు చుట్లలో జట్టు సర్దుకుంటుంది.

శ్రుతి విషయంలో ఒక జాగ్రత్త. ఇంట్లో పాడుకునే శ్రుతి కన్నా అర శ్రుతో, ఒక శ్రుతో తగ్గించుకోండి. పాట మధ్య కోపు చెప్పడానికి గొంతు పైకి లేపాల్సి వస్తుంది, ఆ పైచోటు ముందే పాట తినేస్తే మాట కీచుగా మారి అర్థం కాకుండా పోతుంది.

ఊరేగింపులో దూరం ఒక పెద్ద శత్రువు. స్పీకర్ల బండి ముందు వెళ్తూ, చివరి ఉద్ది 20 మీటర్లు వెనకుంటే ధ్వని అక్కడికి చేరడానికి సెకనులో సుమారు పదిహేడో వంతు పడుతుంది. చిన్న మాటే అనిపిస్తుంది, కానీ కోలల చప్పుడు చెదరడానికి అది చాలు. చివరివాళ్లు వెనకబడ్డారని గురువు కసురుతుంటారు, వాళ్లు మాత్రం విన్నదానికి సరిగ్గానే కొడుతున్నారు. తాళాలు వేసేవాళ్లని వరుసల మధ్యలో నడిపించండి, అందరూ బండిని కాక తాళాన్ని వినాలని చెప్పండి. ముందుండి వెనక్కి నడుస్తూ కోపు చెప్పే గురువు వెనక తప్పకుండా ఒకర్ని పెట్టుకోవాలి. స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, కొబ్బరికాయ చిప్పలు వాళ్లే చూసి చెప్పాలి.

రికార్డు పాటకి ఆడితే ఇంకో రకం పని. పాట మనకోసం ఆగదు, సాగదు. పాటని కనీసం పదిసార్లు విని, ఎనిమిదేసి దెబ్బల లెక్కన కాగితం మీద గీతలు పెట్టుకోండి. పల్లవికి ఎన్ని గీతలు, మధ్య వాద్యానికి ఎన్ని, చరణానికి ఎన్ని. సినిమా బాణీల్లో మధ్య వాద్యం కొన్నిసార్లు నాలుగు దెబ్బలు ఎక్కువో తక్కువో ఉంటుంది. ఆ చోటు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోకపోతే కోపు అక్కడ తప్పకుండా తప్పుతుంది.

నేర్పేటప్పుడు

కోలలు పక్కన పెట్టించండి. ముందు నోటితో దెబ్బలు చెప్పించాలి, తరవాత చప్పట్లు, తరవాత చప్పట్లతో అడుగులు, నాలుగో మెట్టులోనే కోలలు, చివర్లో పాట. మొదటి రోజే కోలలు చేతికిస్తే అందరి దృష్టీ దెబ్బ తగులుతుందేమోనన్న భయం మీదే ఉంటుంది, అడుగు ఎక్కదు.

కొత్త కోపు వివరించేటప్పుడు ఎక్కడికి చేరాలో ముందు చెప్పండి, ఎలా చేరాలో తరవాత. "చివరికి మీరు మీ ఉద్ది చోటులో ఉంటారు, వాళ్లు మీ చోటులో ఉంటారు. ఇప్పుడు ఎలా వెళ్తామో చూద్దాం." గమ్యం తెలిసిన మనిషి దారి తప్పినా చేరుకుంటారు. తరవాత ఒక్క ఉద్దిని మధ్యకి పిలిచి నిదానంగా నడిపించండి. బాగా వచ్చినవాళ్లని కాకుండా మధ్యస్థంగా ఆడేవాళ్లని పిలవడం మంచిది, వాళ్లకి వచ్చిందంటే మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది.

కోల పట్టు కూడా గురువే సరిచూడాలి. అడుగు నుంచి అడుగుంబావు పొడవు, బొటనవేలి లావు, చేవ ఉన్న కర్ర. కింది మూడో వంతులో పట్టుకోవాలి, పై మూడో వంతులో దెబ్బ పడాలి. మధ్యలో పట్టుకుంటే ఎదుటి కోల నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. పీచు లేచిన కోలని ఉప్పుకాగితంతో రుద్దించండి, బీట వారినదాన్ని వాడనివ్వకండి.

అమెరికాలో స్క్వేర్ డాన్స్, కాంట్రా డాన్స్ నడిపించేవారిని కాలర్ అంటారు. కాంట్రా కాలర్లు పాట మొదలవక ముందు అందరినీ ఒకసారి ఉత్తినే నడిపించి చూపిస్తారు. ఆట సాగుతూ జనానికి పట్టుబడ్డాక మాటలు తగ్గిస్తూ పోయి, చివరికి ఊరుకుంటారు. ఇది మనమూ పాటించదగ్గది. మొదటి చుట్టుకి పూర్తి మాట, రెండో చుట్టుకి పేరు మాత్రమే, మూడో చుట్టు నుంచి తాళం. వచ్చినదాన్నే మైకులో మళ్లీ మళ్లీ చెబితే చూడవచ్చినవాళ్లు పాట వినలేరు, అసలైన మార్పు చెప్పినప్పుడు జట్టు కూడా పట్టించుకోదు.

తప్పినప్పుడు

తప్పుతుంది. దానికి ముందే జట్టుని కాపాడే ఒక కోపు పెట్టుకోండి: "నిలిచి కొట్టు" అంటే అందరూ ఉన్నచోటే ఆగి, తన కోలలు తాను, ఎనిమిది దెబ్బలు. చూసేవాళ్లకి అదీ ఆటలో భాగంలాగే ఉంటుంది. ఆ ఐదు సెకన్లలో గురువు దారి తప్పిన ఉద్ది పక్కకి వెళ్లి చోటు చూపించాలి. ఎనిమిది చాలకపోతే పదహారు. తరవాత "ఒకటి నుంచి" అని మళ్లీ అందుకోవాలి.

చూపు ఎప్పుడూ బలహీనమైన ఉద్ది మీద ఉండాలి. బాగా ఆడేవాళ్లని చూస్తే ముచ్చటగా ఉంటుంది, కానీ వలయం తెగేది రెండోవైపునే. కోపు మార్చే ముందు ఆ ఉద్ది స్థిరపడ్డారా చూడండి. లేదంటే ఇంకో చుట్టు పాత కోపే నడపండి.

జనం ముందు పేరు పెట్టి తప్పు పట్టకూడదు. జట్టులో అత్తగార్లుంటారు, కోడళ్లుంటారు, పదేళ్ల పిల్లలుంటారు. మైకులో "లక్ష్మీ, ఎటు పోతున్నావ్" అన్న మాట ఆ మనిషి ఇంటిదాకా మోసుకుపోతుంది, వచ్చే వారం సాధనకి రాదు. దగ్గరికెళ్లి "పిన్నిగారూ, ఇటు" అని చేత్తో చూపిస్తే చాలు.

జడ కోపులో తప్పు వేరు. పైనుంచి వేలాడే తాళ్లు అల్లుకుంటూ తిరిగేటప్పుడు ఒకరు ఒక్కసారి పైనుంచి వెళ్లాల్సింది కిందనుంచి వెళ్లినా ఆ ముడి జడలో ఉండిపోతుంది, విప్పేటప్పుడే బయటపడుతుంది. అల్లేటప్పుడు గురువు ప్రతి అడ్డకీ, అంటే ఒకరినొకరు దాటే ప్రతిసారీ, "పైన, కింద" చెబుతూనే ఉండాలి, ఇక్కడ మాటలు తగ్గించే నియమం పనికిరాదు. విప్పడం మొదలుపెట్టే క్షణం అన్నిటికన్నా కీలకం. చివరి అడ్డలో పైనుంచి వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగి మొదట పైనుంచే వెళ్లాలి. చాలామంది అలవాటు ప్రకారం మార్చి కిందనుంచి వెళ్తారు, జడ విడిపోవడానికి బదులు ఇంకా బిగుస్తుంది. అందుకే తిరిగే ముందు ఎనిమిది దెబ్బలు నిలబెట్టి, "పైనవాళ్లు చెయ్యెత్తండి" అని చూసుకుని అప్పుడు కదిలించండి.

ఆ రోజు, ఆ తరవాత

పావుగంట ప్రదర్శనకి ఆరు కోపులు చాలు. మొదటిది అందరికీ నిద్రలో అడిగినా వచ్చేది. కష్టమైనది మూడో స్థానంలో పెట్టండి, అప్పటికి కాళ్లు వేడెక్కి ఉంటాయి, ఇంకా అలసట రాదు. చివరిది వేగంగా ఉన్నా కట్టు తేలికగా ఉండాలి. శ్రీరామనవమి నాటికి తారురోడ్డు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. ఒట్టి కాళ్లతో ఆడేవాళ్ల కోసం ముందుగా నీళ్లు చల్లించండి, ఆరేదాకా ఆగండి, తడి రోడ్డు మీద తిరుగుడు కోపులు జారుస్తాయి. ఎవరి ముఖమైనా పాలిపోతే ఆ ఉద్దిని మొత్తంగా బయటికి పంపి, మిగిలినవాళ్ల లెక్కతో నడపండి.

ప్రతి సాధనలో ఒక తేలిక కోపుకి తాళం ఇంకొకరి చేతికిచ్చి మీరు వరుసలో నిలబడండి. వాళ్ల మాట మీ చెవిలో ఐదుకి పడుతోందా, ఎనిమిదికి పడుతోందా అక్కడి నుంచే తెలుస్తుంది. ఎనిమిదికి పడుతుంటే వాళ్లని ఏడు, ఎనిమిది దెబ్బలకి పెదవులు మూసుకుని ఉండమనండి. రెండు మూడు వారాల్లో మాట దానంతటదే ముందుకి జరుగుతుంది.